కుడికాలి కొండ

బ్రెక్కెలి కొండ మీద, ఒకే చెక్క మీద పక్కకి తిరిగి నిలబడి మంచులో జారే స్నోబోర్డు తొక్కేవాళ్ళందరూ కుడికాలే ముందు పెడతారు. పిల్లా పెద్దా, ఆడా మగా, ఒక్కరు కూడా తప్పరు. బయటి ఊళ్ళవాళ్ళెవరైనా వచ్చి ఎడమకాలు ముందు పెట్టి జారుతుంటే మావాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుకుంటారు. దానికి ‘పట్నం కాలు’ అని పేరు కూడా పెట్టారు. ఏ కాలు ముందుంటే ఒంటికి అనువుగా ఉంటుందో ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుందనీ, ఎక్కువమందికి అది ఎడమకాలేననీ లోకమంతా ఎరిగిన సంగతి. అది మా లోయలోకి మాత్రం రాలేదు.

ఈ ఘనతకంతటికీ కారణం తుప్పు. 1987 శీతాకాలంలో ఎవరో డెన్మార్క్ కుర్రాడు చెయ్యి విరగ్గొట్టుకుని, తన బోర్డుని ఇక్కడే వదిలేసి పోయాడు. వాడు కుడికాలు ముందు పెట్టే రకం. బోర్డుకి కాళ్ళు బిగించే బైండింగుల మరలు తుప్పు పట్టి, వాటి మీద వాడు పోసిన జిగురుతో కలిసి రాయిలా బిగుసుకుపోయాయి. ఊళ్ళో తొమ్మిదిమంది కుర్రాళ్ళు మూడేళ్ళపాటు ఆ ఒక్క బోర్డు మీదే వంతులేసుకుని నేర్చుకున్నారు. మరలు ఊడి రాలేదు కాబట్టి అందరూ తమ కాళ్ళనే మార్చుకున్నారు. తర్వాత తమ్ముళ్ళకి అలాగే నేర్పారు, పెళ్ళిళ్ళయ్యాక పిల్లలకీ అలాగే నేర్పారు. కుడికాలితో నిలవలేనివాళ్ళకి “నీకు కాళ్ళు లేవు” అని తీర్పు చెప్పి, కాలికో చెక్క కట్టుకునే స్కీల మీదకి తోలేశారు. అందుకే మా ఊళ్ళో సగం మంది స్కీలవాళ్ళు.

ఆ తొమ్మిదిమందిలో పెద్దవాడు తోర్యుస్ లౌవ్లీ. ఇప్పుడు యాభై రెండేళ్ళు. బడిలో మరమ్మతులు చూస్తాడు. తాళాలు, కుళాయిలు, కిటికీ రెక్కలు అన్నీ వాడి చేతిమీదుగానే. మరలు తిప్పే పనిముట్లు వాడి దగ్గరున్నన్ని ఊరంతా కలిపినా ఉండవు. కాబట్టి ఎవరు కొత్త బోర్డు కొనాలన్నా, కొన్నదానికి బైండింగులు బిగించాలన్నా తోర్యుస్ కొట్టానికే వెళ్ళాలి.

అక్కడ జరిగేది చూసి తీరాలి. తోర్యుస్ బోర్డుని నేలమీద నిలబెట్టి, పైకొస పట్టుకుని, దాని నడుం దగ్గర అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కుతాడు. కళ్ళు మూసుకుంటాడు. మెటికలతో మూడుచోట్ల కొట్టి చెవి పెట్టి వింటాడు. ఇనుప అంచు మీద గోరు గీసి వాసన కూడా చూస్తాడు. ఇనుముకి ఏం వాసనుంటుందో ఇంతవరకూ ఎవరూ అడిగే సాహసం చెయ్యలేదు. చివరికి “బతికుంది” అనో “చచ్చింది” అనో చెబుతాడు. కర్రలా బిర్రుగా, మనిషి ముక్కుని దాటేంత పొడుగ్గా, ముందు కొస ఒకలా వెనక కొస ఒకలా ఉన్నవన్నీ బతికున్నవి. పొట్టిగా, మెత్తగా, రెండు కొసలూ ఒకేలా ఉన్నవన్నీ చచ్చినవి. “ముందేదో వెనకేదో తెలియని చెక్క మీద కాలెలా పెడతావురా?” అంటాడు. విన్నవాళ్ళు అదేదో శాస్త్రమన్నట్టు తలలూపుతారు.

తోర్యుస్ కొండ దిగే తీరు కూడా అలాగే ఉంటుంది. బిర్రుగా నిలబడి, దవడ బిగించి, ఒకే గీతలో సూటిగా దిగుతాడు. ఎక్కడా గెంతడు, తిరగడు, ఆడడు. దాన్ని ఊరంతా హుందాతనం అనుకుంది. కింద దిగాక మోకాలు రుద్దుకుంటుంటే అది హుందాతనానికి తప్పని ఖర్చనుకున్నాడు వాడు.

వాడి భార్య గున్వోర్‌ది పడమటి తీరంలో ఒక దీవి. పెళ్ళై వచ్చిన మొదటి శీతాకాలం ఉత్సాహంగా బోర్డెక్కింది. తోర్యుస్ యథాప్రకారం కుడికాలు ముందు బిగించాడు. ఆమె ఆరు రోజులు పడింది. తుంటి నల్లబడింది, మణికట్టు వాచింది. ఏడోరోజు తోర్యుస్ తీర్పు చెప్పాడు. “నీకు కాళ్ళు లేవు గున్వోర్. మీ సముద్రపువాళ్ళకి పడవలో కూర్చోడమే అలవాటు.” ఆ మాటతో ఆమె బూట్లు విప్పేసి, సెలవురోజుల్లో కొండకింద క్లబ్బువాళ్ళ గుడిసెలో వాఫుల్స్ అనే తియ్యట్లు పొయ్యడానికి కుదిరింది. ఇరవై రెండేళ్ళయింది.

ఆ కాళ్ళు లేనామె చేసే ఉద్యోగం బస్సు నడపడం. జనవరిలో, చక్రాలకి గొలుసులు కట్టి, పిల్లల్ని ఎక్కించుకుని, ఒకపక్క బండ ఒకపక్క అగాధం ఉన్న కనుమ దారిలో రోజుకి రెండుసార్లు వెళ్ళొస్తుంది. మంచు మీద పన్నెండు టన్నుల బస్సు పక్కకి జారితే స్టీరింగ్ ఎటు ఎంత తిప్పాలో ఆమెకి తెలుసు. అలాంటి మనిషికి ఒంటి నిలకడ లేదని మొగుడు చెబితే ఊరంతా నమ్మింది. అంతకన్నా ఘోరం, ఆమె కూడా నమ్మింది.

ఈ ఫిబ్రవరిలో ఒక బుధవారం, చేపముద్దలు వడ్డిస్తూ గున్వోర్ అంది: “ఈ ఏడాది నేనూ తొక్కుతా. నాకో బోర్డు కావాలి.”

తోర్యుస్ ముల్లు గుచ్చుకున్నట్టు ఆగాడు. “ఎవరికి?”

“నాకే. ఈ బల్ల దగ్గర ఇంకెవరున్నారు?”

“నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి నీకు.”

“నీకు యాభై రెండొచ్చాయి, నిన్ను ఆపమన్నానా?”

“అది కాదు గున్వోర్. కాళ్ళ సంగతి...”

“కాళ్ళ సంగతి నాకొదిలెయ్. బోర్డు సంగతి విను. ఇరవై రెండేళ్ళు ఆ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. ఎవరు దేని మీద ఎలా దిగుతారో నీకన్నా నాకే ఎక్కువ తెలుసు. నాకు పొట్టిది కావాలి. మెత్తగా వంగేది. రెండు కొసలూ ఒకేలా ఉండేది. కొండంతా తిరగాలి, కనబడ్డ ప్రతి గుట్ట మీదా గెంతాలి, కొస మీద లేచి గిర్రున తిరగాలి.”

“అది బోర్డు కాదే, ఆటబొమ్మ!”

“ఆడుకోడానికే అడుగుతున్నా మహానుభావా. యుద్ధానికి కాదు.”

మర్నాడు తోర్యుస్ కొట్టంలోంచి ఒక బోర్డు మోసుకొచ్చి వంటింటి గోడకి ఆనించాడు. గున్వోర్ భుజం దాకా కాదు, నెత్తిని దాటి ఉంది. ఆమె దాని నడుం దగ్గర రెండు చేతులతో నొక్కింది. అది చలించలేదు. మోకాలేసి నొక్కింది. అయినా చలించలేదు.

“ఇది బతికుంది” అన్నాడు తోర్యుస్ గర్వంగా.

“ఎవరి శవపేటిక మూతో, వాళ్ళకి తిరిగిచ్చేసి రా” అంది గున్వోర్. “శనివారం బోర్డుల వ్యాను వస్తోందిగా. అక్కడే ఎంచుకుంటా.”

ఏడాదికోసారి స్కీన్ పట్నం నుంచి ఒక కొట్టువాళ్ళు వ్యానులో బోర్డులు తెచ్చి, ఎవరికి కావాల్సింది వాళ్ళు తొక్కి చూసుకోమని ఇస్తారు. ఈసారి వ్యానుతో వచ్చింది తూవా అనే పక్కదేశం అమ్మాయి, స్వీడన్ పిల్ల. అది తెలియగానే మావాళ్ళ మొహాలు చూడాలి. “ఇక స్వీడన్‌వాళ్ళు వచ్చి మనకి మంచు చూపిస్తారన్నమాట” అన్నాడు ఓస్ముండ్. ఓస్ముండ్ ఆ తొమ్మిదిమందిలో ఒకడు, తోర్యుస్‌కి చిన్ననాటి నేస్తం, వాడు ఏమన్నా అవునవునని వంతపాడేవాడు.

గున్వోర్ అందరికన్నా ముందు వెళ్ళి నిలబడింది. ఆ రోజు వాఫుల్స్ పొయ్యనని ముందే చెప్పేసింది. తూవా ఆమెని బరువెంతో అడిగింది. బూట్ల కొలత చూసింది. ఎలా దిగాలనుందో చెప్పమంది. గున్వోర్ చెప్పుకుంటూ పోతుంటే ఆ పిల్ల మొహం విచ్చుకుంది.

“మీకేం కావాలో మీకు బాగా తెలుసండీ. పొడుగు చూసి ఎంచకూడదు, మీ బరువు మొయ్యాలంతే. నూట నలభై ఆరు సెంటీమీటర్లు చాలు. ఇదిగో, ఇది చూడండి. కాళ్ళ కింద కొంచెం బిగువు, కొసలు మెత్తన. కొసలు కాస్త పైకి లేచి ఉన్నాయి కదా, అందుకే మంచులో చటుక్కున గుచ్చుకోవు. బూటు మొనలు కూడా అంచు దాటట్లేదు.” నడుం దగ్గర నొక్కి చూపించింది. బోర్డు వంగి, వదలగానే ఎగిరింది. “ఏ కాలు ముందు?”

వెనకున్న వరసంతా మెడలు సాచింది. ఆ కొండ మీద ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగి ఎరగరు.

“ఇక్కడ కుడికాలే” అంది గున్వోర్.

“ఇక్కడ సంగతి కాదండీ, మీ సంగతి.”

“నా సంగతి నాకెలా తెలుస్తుంది? నన్నెవరూ అడగలేదు.”

తూవా నవ్వి, “అటు తిరిగి, పాదాలు దగ్గరపెట్టి నిలబడండి. వెనక నుంచి కొంచెం తోస్తా, పట్టించుకోకండి” అంది. తోసింది. గున్వోర్ ఎడమకాలు ముందుకి పడింది. మళ్ళీ తోసింది. మళ్ళీ ఎడమే. మూడోసారి గున్వోర్ తనే కావాలని కుడికాలు వెయ్యబోయి, తడబడి, వ్యాను పట్టుకుని ఆగింది.

“ఎడమ” అంది తూవా, బైండింగులు సరిచెయ్యబోతూ.

“ఆగాగు!” తోర్యుస్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. “తోస్తే ఎవరైనా ఏదో ఒక కాలు వేస్తారు. ఆవు కూడా వేస్తుంది. దానికీ దీనికీ ఏంటమ్మా సంబంధం? ఈ కొండ కుడికాలి కొండ.”

“కొండకి కాళ్ళుండవు కదండీ” అంది తూవా మర్యాదగానే. “పోనీ మిమ్మల్నీ ఓసారి తొయ్యనా?”

జనం గొల్లుమన్నారు. తోర్యుస్ చెవులు ఎర్రబడ్డాయి. “ఇలా ఇవ్వు, ఇలాంటిదే ఇంకోటి. ఈ ఆటబొమ్మ సంగతి నేను తొక్కి తేలుస్తా. నేనొచ్చేదాకా మా ఆవిడకి ఏమీ బిగించకు.”

“సరే, వెళ్ళిరా” అంది గున్వోర్. “నువ్వే తేల్చు. తొక్కి చూసి నిజం చెప్పు, నువ్వు చెప్పిందే వింటా.”

ఆ మాట ఆమె వెటకారంగా అనలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఈ విషయంలో మొగుడి మాట మీద ఆమెకి గురి ఉంది. అందుకే అది తోర్యుస్ వెంట పైదాకా వచ్చింది.

పైన బైండింగులు బిగించుకుని, కుడికాలు ముందు పెట్టి, అలవాటు ప్రకారం దవడ బిగించి బయల్దేరాడు. అరవై గజాలు కూడా పోలేదు. బర్చ్ చెట్ల దగ్గర చిన్న గుట్ట తగిలింది. వాడి బిర్రు బోర్డయితే దాన్ని దున్నుకుని పోయేది. ఇది వంగి, పైకి లేచి, గాల్లో వాణ్ణి సగం తిప్పి, వెనక్కి తిరిగినవాణ్ణి అలాగే కింద పెట్టింది. ఎడమకాలు ముందుంది. రెండు కొసలూ ఒకటే కాబట్టి బోర్డుకి ఏ బాధా లేదు. పడతానని తోర్యుస్ కళ్ళు మూసుకున్నాడు. పడలేదు.

కళ్ళు తెరిచేసరికి మలుపు తిరుగుతున్నాడు. దానంతటదే తిరుగుతోంది. నడుం ముందే వెళ్ళింది, భుజం దాని వెంట వెళ్ళింది, మోకాలు నొప్పి లేకుండా వంగింది. ఇంకో మలుపు. ఇంకో గుట్ట కనబడితే, ఎందుకో తెలియకుండానే, దాని మీంచి గెంతాడు. నోట్లోంచి కేక కూడా వచ్చింది. యాభై రెండేళ్ళ బడి మరమ్మతుల మనిషి, కొండ మీద ఒక్కడే, పదేళ్ళవాడిలా కేకేశాడు.

వెంటనే చెట్ల చాటుకి పోయి ఆగాడు. ఎవరైనా చూశారేమోనని నాలుగువైపులా చూశాడు. మళ్ళీ కుడికాలు ముందు పెట్టి ఇరవై గజాలు పోయాడు. బండబారిన ఒళ్ళు. తిప్పి ఎడమ పెట్టాడు. సొంత ఒళ్ళు. ఇంకోసారి కుడి. ఇంకోసారి ఎడమ. ఇక అనుమానానికి తావు లేదు. ముప్పై ఏడేళ్ళుగా వాడు తప్పుకాలితో దిగుతున్నాడు. బిర్రు బోర్డులు ఎందుకు నచ్చాయో ఇప్పుడు అర్థమైంది. అవి మనిషిని ఆడనివ్వవు. ఆడలేనివాడికి అంతకన్నా ఏం కావాలి? మెటికలతో కొట్టి, చెవిపెట్టి విని, ఇనుము వాసన చూసి ఊరందరికీ అంటగట్టింది తన చేతకానితనాన్నే.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చెట్ల సందుల్లోంచి కింద గుడిసె కనబడింది. దాని బయట, బూట్లు తొడుక్కుని, పొట్టి బోర్డు చంకన పెట్టుకుని ఒక మనిషి పైకే చూస్తోంది. ‘కుడి’ అని ఒక్కమాట చెబితే చాలు. ఆమె నమ్ముతుంది, నాలుగు రోజులు పడుతుంది, మళ్ళీ వాఫుల్స్ దగ్గరికి వెళ్ళిపోతుంది. తన పెద్దరికం చెక్కుచెదరదు. ఇదంతా తోర్యుస్ ఆలోచించాడు. సిగ్గుపడుతూనే ఆలోచించాడు, కానీ ఆలోచించాడు.

కింద దిగేటప్పుడు, అందరూ చూసేచోట, కుడికాలే ముందు పెట్టాడు.

“చచ్చిందా బతికుందా?” ఓస్ముండ్ అడిగాడు.

గున్వోర్ బోర్డుని తోర్యుస్ ముందు మంచు మీద పెట్టింది. “చెప్పు. ఏ కాలు?”

తూవా చేతిలో పనిముట్టుతో వాడివైపే చూస్తోంది. వరసలో ఉన్న ముప్పైమందీ చూస్తున్నారు.

“ఎడమ” అన్నాడు.

“వినబడలేదు” అన్నాడు ఓస్ముండ్.

“ఎడమరా! ఆమెది ఎడమ. నాదీ ఎడమే. ముప్పై ఏడేళ్ళుగా తప్పుకాలితో తొక్కా. మీలో సగం మంది కూడా అంతే, నేనే అలా బిగించా. అదంతా ఆ డెన్మార్క్‌వాడి తుప్పు మరల వల్ల వచ్చింది.”

పరువు మంటగలిసిపోతుందనీ, జనం మీదపడి తిడతారనీ తోర్యుస్ సిద్ధపడ్డాడు. అలాంటిదేమీ జరగలేదు. ఎవరూ నమ్మలేదు.

“తల దేనికో తగిలింది వీడికి” అన్నాడు ఓస్ముండ్ జాలిగా. “కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి.”

“మా ఇంట్లో మూడు తరాలుగా కుడికాలే” అంది ఒక పెద్దావిడ.

“మీ నాన్న జన్మలో బోర్డెక్కలేదు కదా!” అన్నాడు తోర్యుస్.

“ఎక్కుంటే కుడికాలే పెట్టేవాడు.”

చెవిపెట్టి చెక్క మాట్లాడుతోందంటే నమ్మినవాళ్ళు, ఇనుముకి వాసనుందంటే నమ్మినవాళ్ళు, వాడు జీవితంలో మొదటిసారి చెప్పిన అసలు సంగతిని మాత్రం స్వీడన్ కుట్రగా తేల్చేశారు. ఓస్ముండ్ అయితే తన బైండింగులు ఎవరూ ముట్టుకోకుండా బోర్డు మీద కూర్చున్నాడు.

గున్వోర్ ఆ గోలలో కలవలేదు. తూవా చేత ఎడమకాలు ముందు బిగించుకుని, పిల్లలు నేర్చుకునే చిన్న వాలు దగ్గరికి వెళ్ళింది. నాలుగుసార్లు పడింది. ఐదోసారి నిలబడి, వాలు అడ్డంగా దాటి, ఆ చివర మెల్లగా మలుపు తిరిగింది. బస్సు జారినప్పుడు ఎలా చేస్తుందో అలాగే, కంగారు లేకుండా. ఆరోసారి చిన్న గుట్ట మీదకి పోయింది. గెంతు అనలేం గానీ బోర్డు మంచుని వదిలింది. గట్టిగా నవ్వింది. ఆ నవ్వు గుడిసె దాకా వినబడింది. సాయంత్రం దాకా అక్కడే ఉండి, చివరికి తోర్యుస్ దగ్గరికి వచ్చి అంది: “పద, పైకి వెళ్దాం.”

మా కొండకి కుర్చీల లిఫ్టు లేదు. కేబుల్‌కి అడ్డకర్రలు వేలాడుతుంటాయి. ఒక్కో కర్రకి చెరోపక్క ఒకరు చొప్పున ఇద్దరు పట్టుకుని నిలబడితే అది మంచు మీద పైకి లాక్కుపోతుంది. బోర్డు మీద మనిషి పక్కకి తిరిగి నిలబడతాడు కాబట్టి, ఇద్దరిదీ ఒకే కాలయితే ఒకళ్ళ మొహం రెండోవాళ్ళ వీపుకి ఉంటుంది. బ్రెక్కెలిలో మొగుడూ పెళ్ళాం, అన్నా తమ్ముడూ అందరూ అలాగే వీపులు చూసుకుంటూ పైకి వెళ్ళారు. ఆ సాయంత్రం గున్వోర్ ఎడమకాలితో ఎడమపక్క నిలబడింది. తోర్యుస్ అలవాటు మార్చుకోలేక కుడికాలితో కుడిపక్క నిలబడ్డాడు. కర్ర కదిలేసరికి ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, మధ్యలో జానెడు జాగా.

“ఒకటి అడుగుతా, నిజం చెప్పు” అంది గున్వోర్.

“అడుగు.”

“ఆ మొదటి ఏడాది నాకు కాళ్ళు లేవన్నావు. నిజంగా అలాగే అనుకున్నావా?”

తోర్యుస్ పక్కకి చూడబోయాడు. పక్కకి చూస్తే బోర్డు కదిలి ఇద్దరూ పడతారు.

“ఐదోరోజు నువ్వు ఒకసారి నిలబడ్డావు” అన్నాడు చివరికి. “గిర్రున వెనక్కి తిరిగిపోయావు. ఎడమకాలు ముందుకొచ్చింది. పదిహేను గజాలు చక్కగా దిగావు. అదేంటో అప్పుడు నాకు తెలీదు గున్వోర్, ఒట్టు. కానీ దిగావు. నేను చూశా.”

“చూసి?”

“అది లెక్కలోకి రాదన్నా.”

“ఎందుకన్నావు?”

అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని తోర్యుస్ వెతికాడు. అంత దగ్గరగా ఉన్న కళ్ళ ముందు ఏదీ నిలిచేలా లేదు.

“బాగా దిగావు కాబట్టి. నువ్వు నేర్చుకుంటే వారం తిరక్కుండా నన్ను దాటిపోతావనిపించింది. ఈ కొండ మీద తప్ప నేనెక్కడా గొప్పవాణ్ణి కాదు.”

గున్వోర్ తిట్టలేదు. కన్నీళ్ళు కూడా రాలేదు. ఆమె మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు మాత్రం కొంచెం కొంచెంగా పోయింది. అది పోవడం వాడు మొదటి నుంచి చివరి దాకా చూశాడు. చూడలేక తల దించుకున్నాడు.

“తల ఎత్తు” అంది గున్వోర్. “ఇరవై రెండేళ్ళు కిటికీలోంచి నేను నిన్ను చూశా. ఇప్పుడు నువ్వు నన్ను చూడు.”

తోర్యుస్ తల ఎత్తాడు. పైకి చేరడానికి ఇంకా నాలుగు నిమిషాలు పట్టింది.